చేతికి అబ్బాల్సిన చదువు: మాలిక్యులర్ బయాలజీ పీజీ నుంచి బయోటెక్ ఉద్యోగం దాకా

మాలిక్యులర్ బయాలజీ జీవకణాన్ని అణువుల స్థాయిలో చదివే శాస్త్రం. డీఎన్ఏలోని సమాచారం ఆర్ఎన్ఏగా నకలు కావడం, ఆ నకలు ప్రకారం కణం ప్రొటీన్లు తయారుచేసుకోవడం, ఏ జన్యువు ఎప్పుడు పని మొదలుపెట్టాలో ఎప్పుడు ఆపాలో తేలడం ఇందులోని ముఖ్య విషయాలు. ఆ జ్ఞానంతో ఒక మందో, టీకానో, రోగనిర్ధారణ కిట్టో, కొత్త వంగడమో తయారుచేస్తే అది బయోటెక్నాలజీ. బీఎస్సీలో విద్యార్థులు జన్యువు గురించి చదువుతారు. ఎమ్మెస్సీలో దాన్ని కోసి, అతికించి, మరో జీవిలో పెట్టి పనిచేయిస్తారు. కనీసం అలా చేయించాల్సిన చదువు అది.

ఒక జీవి డీఎన్ఏ ముక్కను మరో జీవిలో పెట్టి పనిచేయించవచ్చని 1973లో అమెరికాలో స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ చూపించారు. మూడేళ్లు తిరక్కుండానే, 1976లో, ఆ పద్ధతి ఆధారంగా జెనెన్‌టెక్ కంపెనీ పుట్టింది. బ్యాక్టీరియాలో తయారైన మానవ ఇన్సులిన్‌కు అమెరికా 1982లో అనుమతి ఇచ్చింది. అప్పటిదాకా చక్కెర వ్యాధిగ్రస్తులకు పందుల, పశువుల క్లోమ గ్రంథుల నుంచి తీసిన ఇన్సులినే దిక్కు. అదే 1982లో భారత ప్రభుత్వం జాతీయ బయోటెక్నాలజీ బోర్డును ఏర్పాటు చేసింది. 1986లో దాని స్థానంలో బయోటెక్నాలజీ విభాగం, అంటే డీబీటీ, వచ్చింది. ఈ రంగానికి ముందుగా కావలసింది పని తెలిసిన మనుషులని గ్రహించి, ఎంపిక చేసిన విశ్వవిద్యాలయాల్లో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ కోర్సులకు ఆ విభాగం డబ్బు సమకూర్చింది. ఆ కోర్సుల్లో సీటు దొరికితే నెలనెలా కొంత స్టైపెండ్ కూడా అందుతుంది.

డీబీటీ మద్దతున్న కోర్సులకు ఇప్పుడు గాట్-బి ప్రవేశ పరీక్ష రాయాలి. ఐఐటీల ఎమ్మెస్సీకి జామ్, కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లోని అనేక కోర్సులకు సీయూఈటీ పీజీ, తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్ ఉన్నాయి. కోర్సు పేరు బయోటెక్నాలజీ అనో, బయోకెమిస్ట్రీ అనో, జెనెటిక్స్ అనో, మైక్రోబయాలజీ అనో ఉండవచ్చు. పేరు చూసి కంగారు పడనక్కర్లేదు. మొదటి రెండు సెమిస్టర్ల పాఠాలు చాలావరకు ఒకటే. తేడా తెలిసేది ల్యాబ్‌లో.

ల్యాబ్‌లో మొదటి పాఠం మైక్రోపిపెట్ పట్టుకోవడం. మిల్లీలీటరులో వెయ్యో వంతు ఒక మైక్రోలీటరు. మామూలు నీటి చుక్కలో అది దాదాపు యాభయ్యో వంతు. అంత కొద్ది ద్రవాన్ని ప్రతిసారీ తేడా రాకుండా తీయగలగాలి. పిపెట్ పైనున్న మీటను బొటనవేలితో నొక్కితే మొదట ఒకచోట ఆగుతుంది, ఇంకాస్త నొక్కితే రెండోచోట ఆగుతుంది. మొదటి చోటు దాకా నొక్కి ద్రవంలో ముంచి నెమ్మదిగా వదలాలి, వేరే గొట్టంలో పోసేటప్పుడు రెండో చోటు దాకా నొక్కాలి. కొత్తవాళ్లు తీసేటప్పుడే రెండో చోటు దాకా నొక్కేస్తారు. ద్రవం ఎక్కువ వస్తుంది, ప్రయోగం చెడుతుంది, ఎందుకు చెడిందో మాత్రం తెలియదు. చేయి కుదిరిందో లేదో తేల్చుకోవడానికి మంచి ల్యాబుల్లో తేలికైన పరీక్ష ఒకటి పెడతారు. గది వేడిమిలో 100 మైక్రోలీటర్ల నీళ్లు తీసి సున్నితమైన త్రాసులో తూస్తే దాదాపు 100 మిల్లీగ్రాములు ఉండాలి. పదిసార్లు తీసినా పదిసార్లూ అంతే రావాలి.

తర్వాతి పాఠం పీసీఆర్. కోవిడ్ కాలంలో ఊరూరా వినిపించిన పేరే ఇది. కారీ ములిస్ 1983లో ఈ ఆలోచన చేశారు, 1993లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నారు. డీఎన్ఏను సుమారు 95 డిగ్రీల దాకా వేడిచేస్తే దాని రెండు పోగులూ విడిపోతాయి. కాస్త చల్లబరిస్తే ప్రైమర్లనే చిన్న డీఎన్ఏ ముక్కలు తమ చోటు వెతుక్కుని అంటుకుంటాయి. 72 డిగ్రీల దగ్గర ట్యాక్ అనే ఎంజైమ్ కొత్త పోగును అల్లుతుంది. ఈ ఎంజైమ్ అమెరికాలోని యెల్లోస్టోన్ వేడినీటి ఊటల్లో దొరికిన బ్యాక్టీరియాది, అందుకే అంత వేడికీ చెడిపోదు. ఈ మూడు దశలూ కలిస్తే ఒక చక్రం. ఒక్కో చక్రానికి డీఎన్ఏ రెట్టింపవుతూ పోతే, లెక్క ప్రకారం 30 చక్రాలకు ఒక్క అణువు 107 కోట్ల ప్రతులు దాటుతుంది. ఈ రెట్టింపే విద్యార్థి నేర్చుకోవాల్సిన జాగ్రత్తకు కూడా మూలం. పక్క గొట్టంలోంచి కంటికి కనిపించని తుంపర ఒకటి ఎగిరొచ్చి పడినా అదీ అన్ని కోట్ల రెట్లు పెరుగుతుంది. అందుకని ప్రతి పీసీఆర్‌లోనూ డీఎన్ఏ వేయని గొట్టం ఒకటి పక్కన పెట్టాలి. అందులో ఏమీ రాకూడదు. వచ్చిందంటే మిగతా గొట్టాల్లో వచ్చినదాన్ని కూడా నమ్మడానికి లేదు.

ఇలా సరిచూసుకోవడానికి పక్కన పెట్టేదాన్ని కంట్రోల్ అంటారు. మాలిక్యులర్ బయాలజీ శిక్షణ సారమంతా ఈ ఒక్క మాటలోనే ఉందంటే అతిశయోక్తి కాదు. జన్యు క్లోనింగ్ ప్రయోగం చూస్తే అది బాగా అర్థమవుతుంది.

కావలసిన జన్యువును పీసీఆర్‌తో పెంచుతారు. దాన్ని మోసుకెళ్లే వాహకం ప్లాస్మిడ్, బ్యాక్టీరియాలో ఉండే చిన్న గుండ్రటి డీఎన్ఏ. రెంటినీ ఒకే రకం ఎంజైమ్‌తో కోస్తారు. ఉదాహరణకు ఎకోఆర్-1 అనే ఎంజైమ్ జీఏఏటీటీసీ అన్న ఆరక్షరాల వరుస కనిపించిన చోటే కోస్తుంది. కోసిన కొసలను లైగేజ్ అనే మరో ఎంజైమ్ అతికిస్తుంది. ఇప్పుడు దీన్ని ఇ.కోలి బ్యాక్టీరియాలోకి పంపాలి. అందుకు అనువుగా సిద్ధం చేసిన బ్యాక్టీరియాకు డీఎన్ఏ కలిపి ఐసులో ఉంచుతారు, 42 డిగ్రీల నీళ్లలో నిమిషం అటూఇటుగా పెడతారు, వెంటనే మళ్లీ ఐసులోకి తెస్తారు. ఈ అదాటు వేడికి కొన్ని కణాలు డీఎన్ఏను లోపలికి తీసుకుంటాయి. కాసేపు కోలుకోనిచ్చి, బ్యాక్టీరియాను చంపే యాంపిసిలిన్ మందు కలిపిన ప్లేటు మీద పరిచి, రాత్రంతా 37 డిగ్రీల్లో ఉంచుతారు. ప్లాస్మిడ్‌లో యాంపిసిలిన్‌ను తట్టుకునే జన్యువు ఉంటుంది కనుక, ప్లాస్మిడ్ దొరికిన కణాలే మర్నాటికి తెల్లటి చుక్కల్లా కాలనీలు కడతాయి.

ప్లేటు మీద కాలనీలు కనిపించగానే పని అయిపోయిందనుకోవడం తొలి ఏడాది పొరపాటు. మంచి గురువు వెంటనే మిగతా ప్లేట్లేవని అడుగుతారు. డీఎన్ఏ వేయని బ్యాక్టీరియాను యాంపిసిలిన్ ప్లేటు మీద పరిస్తే ఏమీ పెరగకూడదు, పెరిగితే యాంపిసిలిన్ చచ్చుపడిందన్నమాట. అదే బ్యాక్టీరియాను మందు లేని ప్లేటు మీద పరిస్తే పరుపులా పెరగాలి, లేకపోతే అది ముందే చనిపోయింది. కోయని ప్లాస్మిడ్ ఇచ్చిన బ్యాక్టీరియా యాంపిసిలిన్ ప్లేటు మీద కాలనీలు కట్టాలి, కట్టకపోతే కణాలు డీఎన్ఏ తీసుకునే స్థితిలో లేవు. జన్యువు కలపకుండా ఖాళీ ప్లాస్మిడ్‌నే కోసి అతికించిన ప్లేటు నాలుగోది. జన్యువు లేకుండా తనకు తానే అతుక్కున్న ప్లాస్మిడ్ వల్ల ఎన్ని ఉత్తుత్తి కాలనీలు వస్తున్నాయో అది చెబుతుంది. అసలు ప్లేటు ఒకటి, దానికి సాక్షులు నాలుగు. వాటి మాట విన్నాకే కాలనీలు ఏరి, ప్లాస్మిడ్ తీసి, కోసి జెల్ మీద నడిపి, చివరికి డీఎన్ఏ వరుస చదివించి జన్యువు సరిగా చేరిందో లేదో నిర్ధారించాలి.

ఈ తరగతి గది ప్రయోగానికీ హైదరాబాద్ టీకా పరిశ్రమకూ నేరుగా చుట్టరికం ఉంది. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరైన వరప్రసాద్ రెడ్డి 1993లో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. తొలినాళ్ల పరిశోధన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీలో సాగింది. హెపటైటిస్-బి వైరస్ ఉపరితల ప్రొటీన్ జన్యువును పికియా పాస్టోరిస్ అనే ఈస్ట్‌లో పెట్టి, ఆ ఈస్ట్‌ను పెంచి, అది తయారుచేసిన ప్రొటీన్‌ను శుద్ధిచేసి, 1997లో షాన్‌వాక్-బి టీకాను విడుదల చేశారు. దేశంలోనే తయారైన తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకా అది. సుమారు పాతికేళ్ల తర్వాత హైదరాబాద్‌లోనే బయోలాజికల్-ఇ సంస్థ కోవిడ్‌కు కోర్బివాక్స్ తెచ్చింది. దానికి 2021 డిసెంబరులో అత్యవసర అనుమతి దొరికింది. అందులోని కరోనా వైరస్ ప్రొటీన్ ముక్క తయారైనదీ పికియాలోనే. జన్యువును కోసి, అతికించి, మరో జీవిలో పెట్టి, సరిచూసే ఈ వరుసను ఎమ్మెస్సీలో చేతులారా ఒక్కసారైనా చివరిదాకా చేసినవారికి ఈ రెండు టీకాల కథా విప్పి చెప్పనక్కర్లేదు.

కొలత కూడా కోయడం, అతికించడమంత ముఖ్యం. బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతిని ఇప్పటికీ చేయిస్తారు. ఆ సుబ్బారావు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఆయన ప్రచురించిన పద్ధతి ఇది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే నీలిరంగు అంత చిక్కనవుతుంది. ముందు తెలిసిన మోతాదులతో రంగు కొలిచి గీత గీయాలి, తర్వాతే తెలియని నమూనాను ఆ గీత మీద చదవాలి. కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, కణాలకు శక్తినిచ్చే ఏటీపీని కనుగొనడంలో ఆయనకు తోడ్పడింది ఈ కొలతే. విద్యార్థుల్లో ఎక్కువమంది దీన్ని రికార్డు నింపడానికి చేసేస్తారు. నేడు మందుల కంపెనీల నాణ్యతా ల్యాబుల్లో జరిగే ఎలైజా, ప్రొటీన్ అంచనా పరీక్షలన్నీ ఆ గీత తర్కం మీదే నడుస్తాయని ముందే చెబితే ఇంకాస్త శ్రద్ధగా చేస్తారు.

చివరి సెమిస్టర్ ప్రాజెక్టుది. పాఠ్యపుస్తకంలోని ప్రయోగాలకు జవాబు ముందే తెలుసు, ప్రాజెక్టులో తెలియదు. ఆరు నెలలు ఒక ప్రశ్న పట్టుకుని, నెలల తరబడి ఫలితం రాక, ఎక్కడ తప్పుతోందో ఒక్కొక్కటిగా తేల్చుకుంటూ పోవడం అక్కడే అలవడుతుంది. ఇంటర్వ్యూలో కంపెనీలు ఎక్కువసేపు అడిగేదీ దీని గురించే. ఏ కంట్రోల్ పెట్టారు, ఎందుకు పెట్టారు, పని చెడినప్పుడు ముందుగా దేన్ని అనుమానించారు అని అడుగుతారు. డబ్బు పుచ్చుకుని నెల తిరక్కుండా ప్రాజెక్టు రిపోర్టు చేతిలో పెట్టే ప్రైవేటు ల్యాబులు నగరాల్లో ఉన్నాయి. వాటి దగ్గర కొన్న రిపోర్టు ఈ ప్రశ్నల ముందు నిలబడదు. అంతకంటే పెద్ద నష్టం, ఆ విద్యార్థి జీవితంలో ఆ ఆర్నెల్లూ మళ్లీ రావు.

ఇందులో తప్పంతా విద్యార్థులదే అనడం అన్యాయం. ఎంజైములు, ప్రైమర్లు, కిట్లు ఖరీదైనవి, వాటిలో చాలావాటిని సున్నా కింద 20 డిగ్రీల్లో నిలవ చేయాలి. కరెంటు పోతే జనరేటర్ లేని కాలేజీలో ఒక్క రాత్రిలో ఏడాది సరుకు పాడవుతుంది. అందుకే చాలాచోట్ల ఒక్క అధ్యాపకుడు ప్రయోగం చేస్తుంటే ముప్పై మంది చుట్టూ నిలబడి చూస్తారు. ఈత గట్టు మీద నిలబడి చూస్తే రాదు. చేరబోయే ముందు కోర్సు బ్రోచర్ చదవడం కన్నా అక్కడి సీనియర్లను రెండు మాటలడగడం మేలు. పీసీఆర్ సొంత చేత్తో ఎన్నిసార్లు పెట్టారు? ప్రాజెక్టు ఎక్కడ చేశారు? దగ్గరి పరిశోధన సంస్థల్లో ప్రాజెక్టు చేయడానికి పంపే చిన్న కాలేజీ, పంపని పెద్ద కాలేజీ కంటే నయం.

కంప్యూటర్ పని ఇప్పుడు ఐచ్ఛికం కాదు. డీఎన్ఏ వరుసను డేటాబేసుతో పోల్చే బ్లాస్ట్, ప్రైమర్ల రూపకల్పన, గణాంకశాస్త్రం అందరికీ రావాలి. ఆర్, పైథాన్ భాషల్లో ఒకటి తెలిస్తే మరిన్ని దారులు తెరుచుకుంటాయి. ఖరీదైన పరికరాలు లేని ఊళ్లోనూ ఉచితంగా నేర్చుకోగల భాగం ఇది.

బయోటెక్ కంపెనీలో పరిశోధన విభాగం చిన్నది. ఎమ్మెస్సీ వారిలో ఎక్కువమంది చేరేది తయారీలో, నాణ్యతా విభాగాల్లో. కణాలను బయోరియాక్టర్‌లో పెంచే పనిని అప్‌స్ట్రీమ్ అని, వాటి నుంచి ప్రొటీన్‌ను వేరుచేసి శుద్ధిచేసే పనిని డౌన్‌స్ట్రీమ్ అని అంటారు. డాక్టర్ రెడ్డీస్ 2007లో విడుదల చేసిన రెడిటక్స్ లాంటి యాంటీబాడీ మందులకు చైనా హామ్‌స్టర్ అండాశయ కణాలు వాడతారు. ఇ.కోలి అనువైన పరిస్థితుల్లో 20 నిమిషాలకోసారి రెట్టింపైతే ఈ కణాలకు దాదాపు రోజు పడుతుంది. వాటి మధ్య ఒక్క బ్యాక్టీరియా చొరబడితే ఏమవుతుందో ఈ రెండు అంకెలే చెబుతాయి. తయారైన మందులో ఉండకూడనివేవీ లేవని చూపడం క్యూసీ (నాణ్యత నియంత్రణ) పని. కణాల తాలూకు డీఎన్ఏ ఎంత మిగిలిందో రియల్ టైమ్ పీసీఆర్‌తో కొలుస్తారు. ఎమ్మెస్సీలో పక్కన పెట్టిన ఆ ఖాళీ గొట్టం ఇక్కడ కూడా తప్పనిసరి. పద్ధతి ప్రకారమే అంతా జరిగిందని సాక్ష్యాలతో నిలబడేది క్యూఏ (నాణ్యత హామీ). ప్రభుత్వ సంస్థలకు పత్రాలు సమర్పించి అనుమతి తెచ్చేది రెగ్యులేటరీ విభాగం. ఇంగ్లిష్‌లో స్పష్టంగా రాయగలిగినవారికి అక్కడ ఎప్పుడూ గిరాకీ ఉంటుంది.

కాలేజీ ల్యాబ్ నుంచి కంపెనీకి వెళ్లినవారిని మొదట తికమకపెట్టేది శాస్త్రం కాదు, రాత. మందుల తయారీలో జీఎంపీ అనే నియమావళి నడుస్తుంది. మన దేశంలో ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ ఎం ఇందుకు ఆధారం. చేసిన ప్రతి పనీ ఎవరు చేశారో తెలిసేలా, చదవగలిగేలా, అప్పటికప్పుడే, అసలు పుస్తకంలోనే, ఉన్నదున్నట్టు రాయాలి. చిత్తుకాగితం మీద రాసుకుని సాయంత్రం ఎక్కించడం కుదరదు. తప్పు పడితే వైట్‌నర్ పూయకూడదు. కింది అక్షరాలు కనిపించేలా ఒక్క గీత కొట్టి, సరైనది రాసి, సంతకం, తేదీ పెట్టాలి. విదేశీ తనిఖీ అధికారులు వచ్చినప్పుడు యంత్రాల కంటే ముందు ఈ పుస్తకాలనే అడుగుతారు. మందు వేసుకునే రోగి దాని తయారీని చూడలేడు, అతని తరఫున చూసే కళ్లు ఈ పుటలే. నోట్‌బుక్ రాయడాన్ని ఎమ్మెస్సీ మొదటి రోజు నుంచి ఇలాగే నేర్పితే కంపెనీలో తొలి ఆర్నెల్ల అవస్థ తప్పుతుంది. ఈ లోటు పూడ్చడానికే డీబీటీ పారిశ్రామిక శిక్షణ పథకం నడిపింది. ఎంపికైన పీజీలను స్టైపెండ్‌తో ఆరు నెలలు కంపెనీలకు పంపేవారు.

జన్యుమార్పిడి పనులకు జీవభద్రత నియమాలు కూడా వర్తిస్తాయి. ఇలాంటి పరిశోధన చేసే ప్రతి సంస్థలోనూ ఒక భద్రతా కమిటీ ఉండాలి. ప్రమాదం స్థాయిని బట్టి ల్యాబులను 1 నుంచి 4 వరకు విభజిస్తారు. కోవిడ్ టీకా కోవాగ్జిన్ కోసం భారత్ బయోటెక్ కరోనా వైరస్‌ను పెంచింది మూడో స్థాయి కేంద్రంలో.

పరిశోధనలో సొంతంగా ఒక ప్రశ్నను నడపాలనుకునేవారికి పీహెచ్‌డీ కావాలి. మన దేశంలో దానికి ప్రధాన ద్వారం సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ లైఫ్ సైన్సెస్ పరీక్ష. మొత్తం 200 మార్కుల్లో 100 మార్కులు మూడో భాగానివి. ప్రయోగ ఫలితాన్ని ఇచ్చి దాని అర్థమేమిటని అడిగే ప్రశ్నలు ఆ భాగంలో ఉంటాయి కనుక బట్టీ కొట్టినవారు అక్కడ ఆగిపోతారు. అందులో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలోగా 42,000 రూపాయలు, వీటిపై ఇంటి అద్దె భత్యం అందుతాయి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు గడువు, అవసరమైతే మరో రెండేళ్లు పొడిగించవచ్చు. మహిళలకు, వికలాంగులకు అదనంగా ఇంకో రెండేళ్ల వెసులుబాటు ఉంది. ప్రయోగాత్మక జీవశాస్త్రంలో మూడేళ్లకు ముగించినవారు అరుదు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ శిక్షణకు అనువైన చోట్లు తక్కువేం కాదు. పుష్ప మిత్ర భార్గవ తొలి డైరెక్టరుగా 1977లో మొదలైన సీసీఎంబీ, డీఎన్ఏ వేలిముద్రల పద్ధతికి దేశంలో పునాది వేసిన లాల్జీ సింగ్ పనిచేసిన చోటు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, డీఎన్ఏ వేలిముద్రల కేంద్రం సీడీఎఫ్‌డీ, జంతు బయోటెక్నాలజీ సంస్థ ఎన్ఐఏబీ, తిరుపతి ఐసర్ కూడా పీహెచ్‌డీ విద్యార్థులను తీసుకుంటాయి. సంస్థ పేరు కంటే గైడ్ ఎంపిక ముఖ్యం. ఆ ల్యాబ్ నుంచి ఇప్పటిదాకా పట్టా పుచ్చుకున్నవారు ఎన్నేళ్లు చదివారు, ఇప్పుడేం చేస్తున్నారు అని వాకబు చేయడంలో మొహమాటం పనికిరాదు. ఆరేళ్లు గడిచేది ఆ ఒక్క గదిలోనే.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ బ్యాచిలర్ డిగ్రీ తర్వాత నేరుగా పీహెచ్‌డీలో చేరవచ్చు. మొదటి ఏడాది రెండు మూడు ల్యాబుల్లో కొన్ని వారాల చొప్పున పనిచేసి చూశాకే గైడ్‌ను ఎంచుకుంటారు. ఆ వెసులుబాటు మన విశ్వవిద్యాలయాలు కూడా తెచ్చుకోదగినది. ట్యూషన్ ఫీజు ఉండదు, స్టైపెండ్ ఉంటుంది, చదువు ఐదారేళ్లు సాగుతుంది. ఎమ్మెస్ అయితే చాలావరకు సొంత ఖర్చే. చదువయ్యాక స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సులవారికి ఓపీటీ అనే అనుమతి కింద ఏడాది, ఆపై రెండేళ్లు పనిచేసే అవకాశం ఉంది. కానీ కంప్యూటర్ కోర్సుల లెక్కతో బయాలజీ ఎమ్మెస్‌ను అంచనా వేసి అప్పు చేయడం ప్రమాదం. రెండు రంగాల్లో ఉద్యోగాల సంఖ్యా, జీతాలూ ఒకటి కావు. శాస్త్రంతో పాటు వ్యాపారం, నియంత్రణ విషయాలు కలిపి చెప్పే ప్రొఫెషనల్ సైన్స్ మాస్టర్స్ కోర్సులు అక్కడ 1990ల చివర్లో మొదలయ్యాయి. పరిశ్రమకే వెళ్లాలని ముందే తేల్చుకున్నవారికి అవి నప్పుతాయి. జర్మనీలో చాలా రాష్ట్రాల ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ట్యూషన్ ఫీజు వసూలు చేయవు, పీహెచ్‌డీ కూడా తరచూ జీతంతో కూడిన ఉద్యోగ ఒప్పందంగా ఉంటుంది.

పీహెచ్‌డీ చేసినవారంతా అధ్యాపకులు కారు, అన్ని ఖాళీలు కూడా లేవు. కంపెనీల పరిశోధన విభాగాలు, పేటెంట్ సంస్థలు, క్లినికల్ పరీక్షల నిర్వహణ, జీనోమ్ డయాగ్నస్టిక్స్ వారిని తీసుకుంటున్నాయి. కొందరు సొంత సంస్థ పెట్టుకుంటున్నారు. డీబీటీ 2012లో స్థాపించిన బిరాక్ సంస్థ, ఒక ఆలోచన పనిచేస్తుందో లేదో తేల్చుకోవడానికి బిగ్ పథకం కింద 50 లక్షల రూపాయల దాకా గ్రాంటు ఇస్తుంది. హైదరాబాద్ దగ్గరి జీనోమ్ వ్యాలీలోని ఐకేపీ నాలెడ్జ్ పార్క్‌లో సొంత ల్యాబ్ కట్టుకోలేని కొత్త సంస్థలు చోటు అద్దెకు తీసుకుంటాయి. గ్రాంటు అడిగేవారు తమ తొలి ఫలితాలను నిపుణుల ముందు పెట్టాలి. అక్కడా మొదట చర్చకు వచ్చేది ఫలితం పక్కనున్న కంట్రోల్ గురించే.